పన్నెండు కిలోల దూది

మంచుకొండల్లో మా సైనిక పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. ఎండ కాస్తోంది. చలి మైనస్ ఇరవై రెండు. వీపు మీద ఇరవై కిలోల బరువు. కాళ్ళకి మూడు జతల మేజోళ్ళు, వాటి మీద ప్లాస్టిక్ బూట్లు. ప్రత్తిపాడులో ఇంటి దగ్గర్నుంచి మా పత్తి చేను దాకా చెప్పుల్లేకుండా తిరిగినవాణ్ణి. ఆ బూట్లలో నా కాళ్ళు ఎవరివో అనిపించాయి.

అక్కడ మూడు ఫైబర్ గుడిసెలు, రెండు కిరోసిన్ స్టవ్వులు, పదకొండు మంది మనుషులు. మంచు చదును చేసి ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతిన చోటు ఒకటి. హెలికాప్టర్ దిగగలిగేది అక్కడే. ఇంకా పైన, రెండు గంటల నడక దూరంలో, ముగ్గురు మాత్రమే పట్టే చిన్న పోస్టు ఉంది. నాకు మొదట రాసిన డ్యూటీ ఆ పైదే. దారిలో నిటారు మంచుగోడ. తాడు పట్టుకుని సగం ఎక్కాను. ఊపిరి అందలేదు. బస్తాని దించినట్టు దించారు. మా సుబేదార్ గారు, కేరళ మనిషి, నన్ను ఎగాదిగా చూసి అన్నారు: "కాళ్ళు పనికి రావు. నోరు పనికొస్తుంది. రేడియో చూసుకో."

పైన ఉన్న ముగ్గురిలో ఒకడు మస్తాన్. వాడిదీ ప్రత్తిపాడే. పటాలంలో నా పక్క మంచం. వాళ్ళ నాన్న పరుపులు కుడతారు. దూది ఏకడం ఆ ఇంట్లో తాతల నాటి పని. సుబేదార్ గారు పొద్దున్నే ఏదో ఒక తప్పుకి నన్ను ఏకేవారు. అది రేడియోలో విని వాడు పైనుంచి నవ్వేవాడు. "మా ఇంటి పని ఆయన చేస్తన్నాడేంట్రా శీనుగా. కేరళ నుంచొచ్చి మా నాయన పొట్ట కొడతన్నాడు. ఓవర్."

రేడియోలో మాట పూర్తయిందని చెప్పడానికి చివర 'ఓవర్' అనాలి. నేను ఎక్కువ మాట్లాడినప్పుడల్లా మస్తాన్, "ఓవర్ చెయ్యమాకు, ఓవర్" అనేవాడు.

వారానికోసారి ఇంటికి ఫోను. మనిషికి మూడు నిమిషాలు. పైకి వెళ్ళకముందు మస్తాన్ మా గుడిసెలోనే ఉండి మాట్లాడాడు. వాళ్ళ నాన్న చివర్లో అందరు నాన్నల్లాగే దీవించారు: "చల్లగా ఉండు నాయనా." ఆ వేళ మైనస్ ముప్ఫై. మస్తాన్ పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఉన్నా నాయనా. ఇంకొంచెం చల్లగా ఉంటే విరుగుతా" అన్నాడు. సుబేదార్ గారికి అర్థం చెప్పాను. ఆయన నవ్వడం ఆ రోజే మొదటిసారి చూశాను. అప్పట్నుంచి మా రేడియో దీవెన మారింది. ప్రతి పిలుపు చివరా "వెచ్చగా ఉండరా" అనుకునేవాళ్ళం.

గుడిసెలో ఒక చెక్క అర మా అందరి దేవుళ్ళకీ కలిపి. మా అమ్మ ఇచ్చిన ఆంజనేయస్వామి పటం, సుబేదార్ గారి చిన్న శిలువ, మస్తాన్ వదిలి వెళ్ళిన దర్గా పచ్చదారం. స్థలం చాలక ఒకరి మీద ఒకరు ఒరిగి ఉండేవారు. మాలాగే.

జనవరి చివర మంచు మొదలైంది. ఆగలేదు. రెండో రోజు ఉదయం తొమ్మిదికి పైనుంచి సందేశం. మాట్లాడింది అక్కడి హవల్దార్.

"మస్తాన్‌కి రాత్రంతా దగ్గు. కళ్ళెలో నురగ. పడుకోలేకపోతున్నాడు."

మా నర్సింగ్ అసిస్టెంట్ ముఖం మారింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నాడు. ఆ ఎత్తు నుంచి దించితే బతుకుతాడు. దించకపోతే చెప్పలేం. దారి మీద మంచు ఛాతీ లోతు. పై వాలు ఎప్పుడు జారుతుందో తెలీదు. హెలికాప్టర్ ఎగరాలంటే మబ్బు విడాలి. పైన ఆక్సిజన్ సిలిండర్లు రెండు. ఎలా వాడాలో, ఏ మందులు వేయాలో నర్సింగ్ అసిస్టెంట్ రేడియోలోనే చెప్పాడు.

సుబేదార్ గారు నా వైపు తిరిగారు. "బ్యాటరీలు తక్కువ. పగలు గంటకి రెండు నిమిషాలు. వాడు మాట్లాడుతూ ఉండాలి. మీ భాషలోనే మాట్లాడు."

నేను బ్యాటరీని చొక్కా లోపల పొట్టకి ఆనించి వెచ్చబెట్టుకునేవాణ్ణి. పది గంటలకి మొదటి పిలుపు.

"ఏరా, ఎట్టా ఉంది?"

"పరుపు కావాలనిపిస్తందిరా." మాటకీ మాటకీ మధ్య గరగర. "మా నాయన కుట్టింది."

"అయితే నాకూ ఒకటి కుట్టించు."

"డబులా, సింగిలా?"

"నాకు పిల్లనెవరిస్తార్రా? సింగిలే."

"ఆశ ఉండాలిరా. డబుల్ రాసుకో."

ప్రతి మాటా లాగ్ కాయితం మీద రాయాలి. రాశాను: పది గంటలు, డబుల్. పదకొండుకి: ఎర్ర చారల గుడ్డ. పన్నెండుకి: దూది పన్నెండు కిలోలు. పదిహేను వేయమన్నాను. "అంత మెత్తనైతే నడుం పట్టుద్దిరా, ఏకినోడి కొడుకుని చెప్తన్నా విను" అని కోప్పడ్డాడు. ఒంటిగంటకి: అంచు కుట్టు రెండు వరసలు.

సుబేదార్ గారు కాయితం తీసుకుని చూశారు. "ఏంటిది? కోడ్ భాషా?"

"పరుపు, సాబ్."

"పరుపా?"

"డబుల్, సాబ్."

ఆయన ఏకలేదు. సంతకం పెట్టారు. ఆ తర్వాత ప్రతి గంటకీ వచ్చి "వాడెలా ఉన్నాడు" అని అడగలేదు. "పరుపు ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు.

నేను మాత్రం ప్రతి పిలుపులోనూ ఒక అబద్ధం చెప్పాను. "రేపు పదింటికి హెలికాప్టర్ వస్తోందిరా." మూడో రోజు మధ్యాహ్నం మస్తాన్ పట్టేశాడు.

"అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు పైకెళ్తదిరా శీనుగా. నువ్వు ఎక్కలేకపోయావు గానీ... నీ గొంతు బానే ఎక్కింది."

నేను బ్యాటరీని పొట్టకి ఇంకా గట్టిగా అదుముకున్నాను. వాడే అందుకున్నాడు. "మీ ఆంజనేయస్వామిని అడగరా. కొండనే మోసుకొచ్చాడుగా. నేను కొండంత లేను."

"అడిగా. మీ దర్గాకీ మొక్కా."

"ఏం మొక్కావు?"

"నువ్వు దిగితే పచ్చ చాదర్ కప్పుతానని."

"మంచి గుడ్డ కొనరా. మా నాయన చూస్తాడు." దగ్గు. చాలాసేపు దగ్గు. "వెచ్చగా ఉండరా."

నాలుగో రోజు తెల్లవారి ఆరింటికి ఆకాశం విడింది. అంతకుముందే, మూడింటికే, ఐదుగురు తాడు కట్టుకుని దారి చేసుకుంటూ పైకి బయల్దేరారు. నేను పిలిచాను. హవల్దార్ పలికాడు.

"మాట్లాడలేడు. ఆక్సిజన్ అయిపోయింది. చెవి దగ్గర పెడతాను, చెప్పు. వింటాడు."

"మస్తానూ, మబ్బు పోయిందిరా. ఈసారి నిజం. నా గొంతు చూడు, పైకెళ్ళిందా?"

గరగర.

"పరుపు అయింది. దిండ్లు మిగిలాయి. మాట్లాడమాకు. బటన్ నొక్కు. ఒకటైతే ఒకసారి, రెండైతే రెండుసార్లు."

రేడియోలో బటన్ నొక్కితే ఇవతల 'టక్' అని వినబడుతుంది. ఆగాను. టక్.

రెండోదాని కోసం ఆగాను. బ్యాటరీ పొదుపు మర్చిపోయి ఆగాను. తర్వాత హవల్దార్ గొంతు వచ్చింది. "చాలు తమ్ముడూ. ఇంక పిలవకు."

లాగ్‌లో రాయాలి. ఆరు గంటల ఐదు నిమిషాలు, దిండు ఒకటి అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

హెలికాప్టర్ సరిగ్గా పదింటికి వచ్చింది. నేను రెండు రోజులు చెప్పిన సమయానికే. నా అబద్ధం నిజమవడానికి అంత పట్టింది.

అప్పటికే వాణ్ణి తాళ్ళ మీద దించి తెచ్చారు. ఎర్రగుడ్డల దగ్గర పడుకోబెట్టారు. కనుబొమల మీద, రెప్పల మీద మంచు. చేతి తొడుగు తీసి తుడిచాను. వేళ్ళు కొరికేసే చలి. మనిషి ముఖం మీద మంచు కరగకపోవడం అప్పుడే చూశాను. సుబేదార్ గారు అర మీంచి పచ్చదారం తెచ్చి వాడి మణికట్టుకి కట్టారు. ముడి పడటానికి మూడుసార్లు పట్టింది.

నా డ్యూటీ ఇంకా రెండు నెలలు. అది పూర్తి చేసి దిగాను. లాగ్ పై అధికారులకి పంపేముందు సుబేదార్ గారే అన్నారు: "ఆ పరుపు లెక్క నకలు రాసుకో. వాళ్ళ ఇంట్లో ఇవ్వాలి."

ఏప్రిల్లో ఊరు చేరాను. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. బస్సు దిగగానే తుమ్ములు. మూడు నెలల తర్వాత ముక్కుకి ప్రాణం వచ్చింది. ఇంటికి వెళ్ళకుండా నేరుగా మస్తాన్ వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పంచలో రేకుల కింద దూది ఏకే మిషన్ నడుస్తోంది. నన్ను చూసి వాళ్ళ నాన్న మిషన్ ఆపారు. మూతికి కట్టిన తువ్వాలు విప్పారు. నేనే కాయితం ఇచ్చాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఎర్ర చారల గుడ్డ. పన్నెండు కిలోలు. అంచు కుట్టు రెండు వరసలు.

"సరిగ్గానే చెప్పాడు" అన్నారు. "నేర్పుతుంటే వినేవాడు కాదు. విన్నాడన్నమాట." వేలు చివరి వరస మీద ఆగింది. "దిండు దగ్గర ఇదేంది అబ్బాయ్?"

"మాట రాక, రేడియో బటన్ ఒకసారి నొక్కాడు బాబాయ్. రెండోది..." నా గొంతు పైకెళ్ళింది. ఈసారి అబద్ధం లేదు. "రెండోది తెలీదు."

ఆయన కళ్ళజోడు తీశారు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రెండు కుడతాలే. నొక్కబోయి ఉంటాడు."

మీరు అడుగుతుంటారు, అక్కడ అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని. నాకు రాలేదు. మస్తాన్ దగ్గర ఉంటే చూశాను. వాళ్ళ నాన్న దగ్గర మళ్ళీ చూశాను.

లేచి వస్తుంటే ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు. "చల్లగా ఉండు..." అని, ఆ మాట దగ్గరే ఆగిపోయారు. అప్పుడు ఆయన ముఖాన్ని దగ్గర్నుంచి చూశాను. కనుబొమల మీద, రెప్పల మీద, తెల్లగా. పొద్దుట్నుంచి ఏకుతున్న దూది. నా చెయ్యి దానంతటదే లేచి తుడిచింది.

చల్లగా లేదు.