పటిక వేసిన కషాయం

నా కషాయం క్రిముల్ని చంపింది. ఆ కారణంగానే తిరుపతిలోని ఒక ప్రయోగశాలవాళ్ళు దాన్ని వద్దన్నారు. దొంగను పట్టుకున్నందుకు పోలీసు ఉద్యోగం ఊడగొట్టడం మీరెక్కడైనా విన్నారా? నేను విన్నాను. ఆ కోపంలో నేను పోగొట్టుకున్న పరువు ఎంతో చదివితే మీకే తెలుస్తుంది.

శ్రీకాళహస్తిలో నలభై ఏళ్ళు కలంకారీ రంగులు కాచినవాణ్ణి. బడి ఐదో తరగతితో ఆగిపోయినా, పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవందే పారెయ్యను. కొన్నేళ్ళ కిందట నా భార్య రత్నమ్మ కాలి బొటనవేలికి పుండు పడింది. షుగరు మనిషి. మూడు రకాల మందులు మార్చినా క్రిములు లెక్కచెయ్యలేదు. చివరికి వేలు తీసేశారు. అప్పటి నుంచి రెండో కాలికి చీమ కుట్టినా నా గుండె ఆగేది.

అప్పుడే పేపర్లో చదివాను. మందు లోపలికి పోగానే మొండి క్రిమి దాన్ని బయటికి తోడిపోస్తుందట. ఆ తోడే చేతిని పట్టుకునే పదార్థం దొరికితే పాత మందే మళ్ళీ పనిచేస్తుందట. దాని కోసం ఆ ప్రయోగశాలవాళ్ళు చెట్టూ చేమా వెతుకుతున్నారట. నాకు ఒళ్ళు పులకరించింది. మా అమ్మ పుండ్లకు కట్టిన ఆకు ఒకటి గుట్ట మీద ఉంది. పేరు మాత్రం చెప్పను. చెబితే పై వారానికి గుట్టకు గుండు కొట్టించేస్తారు. ఆకు కోసుకొచ్చి, కాచి, వడకట్టి, సీసాను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను.

అక్కడ పరిశోధన చేస్తున్న పుత్తూరు అమ్మాయి సునీత, ఇందులో ఇంకేమన్నా కలిపినావా అని మూడుసార్లు అడిగింది. ఆకు, నీళ్ళు, అంతే అన్నాను. పదిహేను రోజులకు ఫోన్ చేసింది. ఏ మందూ కలపకముందే, వట్టి కషాయానికే క్రిములన్నీ చచ్చాయట. మిగతా మాట వినకుండానే ఫోన్ పక్కన పెట్టి, వీధంతా చక్కెర పంచి వచ్చి మళ్ళీ అందుకున్నాను.

"అందుకే పనికిరాదు తాతా. మాకు మందుకు తోడు కావాల, ఇంకో విషం కాదు" అంది.

ఊరుకుంటానా? వరసగా ఐదు ఉత్తరాలు రాశాను. కూలిమనిషిని అడిగితే వస్తాదును పంపానని మొదటిదాంట్లో మర్యాదగానే చెప్పాను. ఐదోదానికి వచ్చేసరికి వాళ్ళ చదువుల్నీ, సీసాల్నీ, ఆ భవనానికి వేసిన రంగునూ తిట్టాను. చివరికి ఆ అమ్మాయే ఇంటికొచ్చి, ఎట్లా కాస్తావో సూపించమంది.

చూపించాను. నీళ్ళు పోశాను, ఆకు వేశాను, పొంగు రాగానే పక్కనున్న డబ్బాలోంచి పిడికెడు తీసి వేశాను.

"అదేంది తాతా?"

"పటిక."

"ఏమీ కలపలేదంటివే."

"పటిక వేసేది కలిపినట్టా పాపా? అది లేకుంటే రంగు గుడ్డకు యాడ పట్టుకుంటాది?"

"క్రిములకు చీర కట్టిస్తావా ఏంది?"

నాకు అప్పుడు వెలిగింది. మంగలి గడ్డం గీశాక రుద్దే రాయి కూడా పటికే. దాన్ని పిడికెడు పోస్తే క్రిములు చావక కచేరీ చేస్తాయా? నలభై ఏళ్ళు కాచిన చెయ్యి, నన్నడగకుండానే వేసేసింది. గుమ్మంలో కూర్చున్న రత్నమ్మ మాత్రం తొణకలేదు. "కాఫీలో కూడా వేస్తాడని ఈయప్పను పొయ్యికాడికి రానియ్యను పాపా" అంది.

అమ్మాయి పచ్చి ఆకు మూట కట్టుకుని వెళ్ళింది. నేను నా రంగుల బానల ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్ళీ సైన్సుకు ఆకు ఇవ్వాల్సి వస్తే, రెండు చేతులూ వెనక్కి కట్టించుకుని, ఏ ఆకో గడ్డంతో చూపిస్తాను. తర్వాత, ఐదు ఉత్తరాలకూ క్షమాపణగా ఆరోది రాశాను. ఎనిమిది నెలలకు జవాబొచ్చింది:

"తాతకు నమస్కారం. పటిక లేకుండా చూసినాము. నీ ఆకు ఒంటరిగా ఒక్క క్రిమిని కూడా చంపలేదు, వట్టి చేతకానిది. పాత మందుతో కలిపితే మాత్రం, ఆ మందుకు లొంగని క్రిములే తగ్గిపోయినాయి. మాకు కావాల్సింది ఇట్లాంటి చేతకానిదే. ఇది ఇంకా గాజుపళ్ళెంలోని మాట, మనిషి దాకా రావాలంటే చానా ఏండ్లు పడుతుంది. తొందరపడి అవ్వ కాలికి కట్టొద్దు. ఇంకో మూట ఆకు పంపించు. పొయ్యి మాత్రం ముట్టించొద్దు."