నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా

డిగ్రీ అయ్యి రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం, రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళ నెత్తురు లెక్క రాయడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. విదేశం నించి ఒక డాక్టరమ్మగారు వచ్చేరనీ, ముమ్మిడివరం దగ్గర రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తారనీ, ఇంగ్లీషూ తెలుగూ వచ్చిన అమ్మాయి కావాలనీ అమలాపురం నించి మా కాలేజీ మేడంగారు కబురు పంపేరు. మా నాన్నగారు స్కూలు మేష్టారు. "మనవాళ్ళకి పనికొచ్చే పని. వెళ్ళమ్మా" అన్నారు. ఆ షెడ్లో చేసేవాళ్ళలో సగంమంది మా పేటవాళ్ళే, ఆదివారం చర్చిలో నా పక్కన చాప మీద కూర్చునేవాళ్ళే.

పనేమిటో నాకు చెప్పినాయన హైదరాబాదు నించి వచ్చిన సూపర్‌వైజరుగారు. ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకి వేలాడే కార్డు, ఎప్పుడూ చేతిలో మంచినీళ్ళ సీసా. మా ఊరి నీళ్ళు ఆయన మూడు నెలల్లో ఒక్కసారి కూడా తాగలేదు. ఆయన చెప్పిందిదీ: షెడ్లో ఆడవాళ్ళందరికీ రక్తం తక్కువ. సగంమందికి ఐరన్ మాత్రలిస్తాం. మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్రలిస్తాం. మూడు నెలలయ్యాక మళ్ళీ రక్తం తీసి, మందు పనిచేసిందో లేదో చూస్తాం. ఒక డబ్బా మీద నీలం కాగితం, ఇంకోదాని మీద ఆకుపచ్చ కాగితం.

"ఏది మందు డబ్బా సార్?" అని అడిగేను.

"నీకు తెలియకూడదు. నాకూ తెలియదు. డాక్టరుగారికి కూడా తెలియదు. ఆ సంగతి రాసిన కవరు సీలు వేసి విదేశంలో బీరువాలో ఉంది."

ఎవరికీ ఏమీ తెలియకపోవడమే శాస్త్రమని నాకప్పుడు అర్థమైంది. మా ఊళ్ళో అది నాకు ముందే అలవాటున్న పరిస్థితే కాబట్టి పెద్ద ఆశ్చర్యం వెయ్యలేదు.

నా మొదటి పని సమ్మతి పత్రాన్ని తెలుగు చెయ్యడం. అంటే, ఈ పరిశోధనలో చేరడం నాకిష్టమే అని ఆడవాళ్ళు వేలిముద్ర వేసే కాగితం. నేను ఒక పూటంతా కూర్చుని రాసేను. "మీకిష్టమైతేనే చేరండి. మీకిచ్చే మాత్రలో మందు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మధ్యలో వద్దనుకుంటే మానేయండి. ఎవరూ ఏమీ అనరు." సూపర్‌వైజరుగారు చదివి మొహం చిట్లించేరు.

"ఇది మరీ అర్థమైపోయేలా ఉందమ్మా. పరిశోధనకి అనుమతిచ్చే కమిటీవాళ్ళు చూస్తారు. కొంచెం గౌరవంగా ఉండాలి."

గౌరవంగా రాసేను. "ప్రస్తుత అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు, యాదృచ్ఛిక విభజనానుసారము క్రియారహిత మాత్రలను స్వీకరించుటకు నా పూర్తి సమ్మతిని తెలియజేయుచున్నాను." ఆయన చాలా సంతోషించేరు. దాన్ని హైదరాబాదులో ఎవరో మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి చూసేరట, అక్షరం పొల్లుపోలేదట. నేను ఇంటికెళ్ళి మా అమ్మకి చదివి వినిపిస్తే, ఎవరైనా పోయేరా అని అడిగింది.

తరవాత కానుక గొడవ వచ్చింది. చేరిన ప్రతి మనిషికీ ఒక స్టీలు బిందె ఇద్దామని డాక్టరమ్మగారు ముందు అనుకున్నారట. బిందె ఇస్తే అది ప్రలోభం అవుతుందనీ, బిందె మీద ఆశతో బీదవాళ్ళు ప్రాణాలు లెక్కచేయరనీ కమిటీవాళ్ళు నెలలపాటు ఆలోచించి, చివరికి ప్లాస్టిక్ సబ్బుపెట్టె దగ్గర ఆగేరు. సబ్బు లేకుండా. సబ్బు కూడా ఉంటే ప్రలోభమేనట.

షెడ్డంటే పొడుగాటి రేకుల పాక. లోపల సిమెంటు అరుగులు, వాటి చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు, ముందు ఐసులో గుట్టలుగా పోసిన రొయ్యలు. పొద్దున్న ఆరింటికి మొదలెడితే లారీ నిండేదాకా తలలు తియ్యడమే. ఐసునీళ్ళలో నాని వాళ్ళ వేళ్ళు తెల్లగా, ముడతలుగా ఉండేవి. వేలిముద్ర వేయించబోతే గీతలే పడేవి కాదు. సూపర్‌వైజరుగారు ఎడం చెయ్యి ట్రై చెయ్యమన్నారు. అదీ అంతే.

ఆ షెడ్డుకి మేస్త్రి ఒక పెద్దావిడ. యాభై దాటి ఉంటాయి. నోట్లో ఎప్పుడూ పొగాకు ముక్క. నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి. ఉద్యోగం వచ్చిన రోజు నించీ "మేడంగారండీ" అనడం మొదలెట్టింది. నేను కాగితం చదువుతుంటే ఆవిడ చేతులు తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నది.

"ఆయ్. అంతా బావుందండి. ఇంతకీ ఏం రాసేరండి అందులో?"

నేను అటూ ఇటూ చూసి, సూపర్‌వైజరుగారు దూరంగా ఉన్నారని రూఢి చేసుకుని, మామూలు మాటల్లో చెప్పేను. ఆవిడ కాసేపు నమిలింది.

"ఏ డబ్బాలో మందుందో మీకు తెలీదా అండి?"

"తెలీదు పిన్నిగారూ."

"ఆ తెల్లావిడ గారికో?"

"ఆవిడకీ తెలీదు."

"మరి మందిచ్చేవాళ్ళకే తెలీకపోతే మింగేవాళ్ళం ఎవర్నడుగుతామండి?"

ఎవర్నీ అడగకూడదని చెప్పేను. సరేనంది. ఆవిడ వెయ్యగానే మిగతావాళ్ళంతా వరసగా వేళ్ళు వేసేసేరు. స్వచ్ఛందముగా.

వాళ్ళలో ఒక పిల్ల ఉండేది. పెళ్ళయ్యి ఏడాది, మొగుడు మస్కట్‌లో. కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉండేది. రక్తం మరీ తక్కువున్నవాళ్ళని పరిశోధనలో చేర్చకూడదు, ఆసుపత్రికి పంపాలి. ఈ పిల్లకి వెంట్రుకవాసిలో ఆ గీత దాటింది. అంటే మరీ తక్కువ కాదు, మాకు కావలసినంత తక్కువ. చీటీ తీస్తే నీలం డబ్బా వచ్చింది.

మూడోవారంలో ఐసుపెట్టె మోస్తూ ఆ పిల్ల పడిపోయింది. నేను వెళ్ళేసరికి అరుగు మీద పడుకోబెట్టి మొహాన నీళ్ళు కొడుతున్నారు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నానండి, ఒక్కరోజు కూడా మానలేదండి" అంది. తప్పేదో తనే చేసినట్టు.

అమలాపురంలో సూపర్‌వైజరుగారి గదికి ఆ రోజే వెళ్ళేను. "ఆ అమ్మాయి డబ్బా మారుద్దాం సార్" అన్నాను.

"ఎలా మారుస్తాం? నీలంలోనే మందుందేమో. నీకు తెలుసా?"

"రెండూ ఇద్దాం సార్. ఏదో ఒకటి మందే కదా."

ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూసేరు. "ఇలాగే అందరూ జాలి చూపిస్తే సైన్సు ఎక్కడికి పోతుందమ్మా? పడిపోవడం అని ఫారంలో పద్నాలుగో పేజీలో ఒక గడి ఉంది. టిక్కు పెట్టు. చాలు."

టిక్కు పెట్టేను. అది పెట్టిన చెయ్యి నాదే, ఎవరి మీదా తోసెయ్యలేను.

నాలుగు రోజులు పోయాక మేస్త్రమ్మ నన్ను షెడ్డు వెనక కొబ్బరిచెట్ల కిందకి పిలిచింది.

"మేడంగారండీ, మీ నీలం డబ్బా ఉత్తదండి."

"మీకెలా తెలుసు?" అన్నాను బిత్తరపోయి.

ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "తెల్లారి కాలవగట్టు వైపు అందరం కలిసే వెళ్తామాండి. ఆకుపచ్చ డబ్బావాళ్ళకి నల్లగా అవుద్దండి. నీలంవాళ్ళకి మామూలేనండి. ఎవర్నడిగినా అదే మాటండి. మా కోడలు కడుపుతో ఉన్నప్పుడు గవర్నమెంటాసుపత్రి మాత్రలకీ ఇంతేనండి, నాకు తెల్దాండి?"

ఐరన్ మాత్ర వేసుకుంటే అలాగే అవుతుంది. విదేశంలో బీరువాలో సీలు వేసిన రహస్యాన్ని మా పేట ఆడవాళ్ళు కాలవగట్టున మూడువారాల్లో తేల్చేసేరు.

"ఇప్పుడేం చేస్తారు?" అని అడిగేను.

"చేసేసేమండి. ఆకుపచ్చదీ నీలందీ జతలు కట్టేమండి. ఇది ఒకరోజు మందు మింగితే అది ఉత్తది మింగుద్ది. మర్నాడు అటుదిటు. ఆ పిల్లకి మాత్రం రోజూ ఆకుపచ్చదేనండి. నాది ఆకుపచ్చే కదండి, దానికి నా జతండి. నేను నీలం మింగుతున్నానండి, ఏం తేడా లేదు, తియ్యగా బానే ఉంది."

నాకు నవ్వూ భయమూ ఒక్కసారే వచ్చేయి. ఇది సూపర్‌వైజరుగారికి చెప్పడం నా ఉద్యోగం. చెప్తే డబ్బాలు లాక్కుంటారు, లేదా రంగులు మార్చి మళ్ళీ మొదలెడతారు. ఆ పిల్ల మళ్ళీ ఐసుపెట్టె కింద పడుతుంది. ఇంటికొచ్చి సంగతంతా నాన్నగారికి చెప్పేను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నిన్నేం అడగమన్నారో అదే అడుగు. వాళ్ళేం చెప్తే అదే రాయి" అన్నారు. జీవితమంతా పిల్లలకి నిజం చెప్పమని బోధించిన మనిషి.

ఫారంలో ప్రశ్న ఇలా ఉండేది: "మీరు మాత్ర ప్రతిదినమూ వేసుకొనుచున్నారా?" అందరూ అవునన్నారు. అబద్ధం కాదు. ఎవరి మాత్ర అని ఎక్కడా లేదు. నెలాఖరుకి సూపర్‌వైజరుగారు డబ్బాల్లో మిగిలిన మాత్రలు ఎంచి చూస్తే ఒక్కటి తేడా రాలేదు. తన అనుభవంలో ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని పై వాళ్ళకి ఉత్తరం రాసి, నాకు కూడా ఒక ప్రశంసాపత్రం ఇప్పించేరు.

మూడునెలలు గడిచేయి. రక్తం తీసేరు. ఆ పిల్ల బుగ్గల్లో కాస్త రంగొచ్చింది, ఐసుపెట్టె మోస్తూ నాతో మాట్లాడుతోంది. కొన్ని వారాలకి దిండిలో పడవల పక్కనున్న రిసార్టులో సభ పెట్టేరు. పెద్ద హాలు, ఏసీ, బల్లల మీద కొబ్బరిబొండాలు. భోజనంలోకి రొయ్యల వేపుడు. తలలు తీసినవాళ్ళని ఎవరూ పిలవలేదు.

సీలు కవరు విప్పిన డాక్టరమ్మగారు తెర మీద గీతలు చూపించేరు. రెండు గీతలూ జోడెడ్లలా పక్కపక్కనే పైకెళ్ళేయి. మందు వేసుకున్నవాళ్ళకీ రక్తం పెరిగింది, ఉత్తది వేసుకున్నవాళ్ళకీ పెరిగింది. అంతా ఆశ్చర్యపోయేరు. సూపర్‌వైజరుగారు లేచి, మన సిబ్బంది వారంవారం వెళ్ళి ఆప్యాయంగా పలకరించడం వల్లే ఇది జరిగిందనీ, పలకరింపుకున్న శక్తి మందుకి లేదనీ అన్నారు. ఇంకో పెద్దాయన, అలాగైతే ప్రభుత్వం మాత్రలు కొనే పనే తప్పుతుందని సంతోషంగా రాసుకున్నారు. చప్పట్లు కొట్టేరు. మాత్రలు మానేస్తే, ఇంకెన్ని షెడ్లలో ఎంతమంది పడిపోతారు?

టీ దగ్గర డాక్టరమ్మగారు ఒక్కరే ఉంటే వెళ్ళి మొత్తం చెప్పేను. కాలవగట్టు సంగతి కూడా. ఆవిడ కప్పు కింద పెట్టేరు. మొహం ఎర్రబడింది. కేకలేస్తారనుకున్నాను. "నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నారు మెల్లిగా.

"మీరడిగిన ప్రశ్నల్లో అది లేదండి" అన్నాను. తెలివిగా మాట్లాడాలని కాదు, నిజంగానే లేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ నాతో ఆటోలో షెడ్డుకి వచ్చేరు. మేస్త్రమ్మ అరుగు తుడిచి కూర్చోమంది. నేను మధ్యలో నిలబడి ఆ మాట ఇటూ ఈ మాట అటూ చెప్పేను.

"ఉత్త మాత్రలు ఉంటాయని ముందే చెప్పేం కదా. మీరు ఒప్పుకున్నారు కదా?" అని డాక్టరమ్మగారు అడిగేరు.

"ఆయ్, ఒప్పుకున్నామండి. ఎవరి మటుకు వాళ్ళం ఒప్పుకున్నాం. నాకు ఉత్తదొచ్చినా పర్లేదని వేలేసేను. ఈ పిల్లకి ఉత్తదిచ్చినా పర్లేదని నేను వెయ్యలేదండి."

అది ఇంగ్లీషులో చెప్పడానికి నాకు రెండుసార్లు పట్టింది. డాక్టరమ్మగారు ఆ పిల్ల వైపు తిరిగి చూసేరు. తరవాత, తప్పు మీది కాదు అని చెప్పమన్నారు. చెప్పేను. "మాది కాదని మాకు తెలుసండి, ఆవిడకి టీ తెమ్మంటారా?" అంది మేస్త్రమ్మ.

ఆ పరిశోధనని ఆవిడ అచ్చు వేయించలేదు. అడిగినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు ఉత్తరాలు రాసేరని విన్నాను. వెళ్ళేముందు మిగిలిన ఆకుపచ్చ డబ్బాలన్నీ షెడ్లో దింపించి వెళ్ళేరు. సూపర్‌వైజరుగారు నా ప్రశంసాపత్రం వెనక్కి ఇచ్చెయ్యమని కబురు పెట్టేరు. పంపేసేను. ఉద్యోగం దానంతటదే పోయింది. నెల్లాళ్ళు సిగ్గుగా ఉండేది. మేస్త్రమ్మ కనబడితే మళ్ళీ "పాపా" అనడం మొదలెట్టింది. అది బావుండేది.

రెండేళ్ళ తరవాత రాజోలు వైపు ఇంకో పరిశోధన వచ్చిందంటే ఇంటర్వ్యూకి వెళ్ళేను. ఈసారి కొత్త మందు, ఇక్కడివాళ్ళ మీద చూసి ఎక్కడో అమ్ముతారట. చివర్లో, ఏమైనా అడగాలా అన్నారు. "పని అయ్యాక మందు పనిచేస్తే, దాన్ని మింగి చూపించినవాళ్ళకి ఇస్తారాండి?" అన్నాను. మంచి ప్రశ్న అన్నారు. కబురు చేస్తామన్నారు. చెయ్యలేదు. ఆ జూన్‌లో కొత్తపేటలో ఒక స్కూల్లో సైన్సు టీచరుగా చేరేను.