ముందే వేయించుకోవలసిన సూది

ముగ్గురు మనుషులు కదిలించలేని నట్టును కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఒంటిచేత్తో విప్పుతుండగా నా వేళ్లు తొలిసారి మొరాయించాయి. చాలామందికి ఇలాగే చెప్పాను. నిజానికి అప్పటికి రిటైరై రెండేళ్లు. ఛత్రినాకలోని మా ఇంట్లో ఓ పొద్దున బాత్రూమ్ నల్లా తిప్పలేకపోయాను. వేళ్లు వాచి, కాలుతున్నాయి.

పరీక్షలు చేసి డాక్టరమ్మ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఒంటిని కాపాడవలసిన బి సెల్స్ అనే తెల్ల రక్తకణాలు నా ఒంటి మీదికే యాంటీబాడీలు తయారు చేస్తున్నాయట. ఏడాదిన్నర మెథోట్రెక్సేట్ మాత్రలు వాడినా మణికట్ల వాపు లొంగలేదు. ఇక రిటుక్సిమాబ్ అనే మందు సెలైన్‌లా నరంలోకి ఎక్కిద్దామన్నారు.

"ఇది బి సెల్స్‌ను ఖాళీ చేస్తది అంకుల్. నొప్పి తగ్గుతది గానీ, కొత్త యాంటీబాడీలు సరిగ్గ తయారుకావు. అందుకే న్యుమోనియా వ్యాక్సిన్ ముందే వేయించుకోండి. నాలుగు వారాలాగి మందు ఎక్కిద్దాం."

నాలుగు వారాలు! మూడో నాడే మళ్లీ వెళ్లాను.

"వ్యాక్సిన్ రెండు నెలల కిందనే ఏయించుకున్న మేడమ్. యాదికి రాలే."

"కార్డేది?"

"సైదాబాద్‌ల మా చెల్లె ఇంట్ల ఉన్నది."

నమ్మారు. మందు ఎక్కాక రెండు నెలలకు పిడికిలి బిగిసింది. గల్లీలో ఎదురైన ప్రతివాడి చెయ్యీ నలిపి వదిలాను. లోపల ఫికర్ మాత్రం పోలేదు. చాటుగా వెళ్లి ఆ వ్యాక్సిన్ వేయించుకుని, తప్పు దిద్దుకున్నాననుకున్నాను.

ఇరవై రోజులకు చలిజ్వరం. న్యుమోనియా. తొమ్మిది రోజులు ఐసీయూలో ఆక్సిజన్. రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే రోగాలతో పోరాడే యాంటీబాడీలు, అడుగంటాయి. నిజం కక్కాను. డాక్టరమ్మ తిట్టలేదు.

"వ్యాక్సిన్‌ను చూసి నేర్చుకునే సెల్సే లేవు కదా అంకుల్. ఎవరికి వేయించిన్రు?"

పక్క మంచంలోని పెద్దమనిషి మూడో నాడు పోయాడు. ఆయన కళ్లద్దాలు సాయంత్రం దాకా బల్ల మీదే ఉన్నాయి.

ఇప్పుడు ఆ మందు ఆపేశారు. వేళ్లు మళ్లీ వాస్తున్నాయి. ఊపిరితిత్తి ఒక పక్క గట్టిపడింది. మా ఇంటి పద్నాలుగు మెట్లెక్కడానికి రెండుసార్లు కూర్చుంటాను.

ఈ మందు ఎక్కించుకోబోయేవారు ఏయే వ్యాక్సిన్లు కావాలో ముందే అడిగి వేయించుకోండి. కార్డు తెచ్చి డాక్టరు చేతిలో పెట్టండి. నొప్పికి తాళలేక నేను చేసిన పని చేయకండి.

ఇంతవరకూ రాసింది చదివి వినిపిస్తే నా భార్య సత్తెమ్మ కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

"నొప్పికంట! నొప్పి నువ్వు ఓర్చుకున్నవ్. అల్లుడు చూస్తుండంగ నేను నీ లాగు నాడా కట్టిన్నని సిగ్గుపడ్డవ్. తెల్లారే పోయి అబద్ధం చెప్పొచ్చినవ్. సిగ్గుకు సచ్చెటోనివి. గది రాయి."