ముద్ద తుంచి చూసే మామ

పోయిన నెలలో మా మామగారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి, చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. బళ్లారి కంటోన్మెంట్‌లో మా వీధివాళ్లకు ఆయన జైలు మామ. రిటైరయ్యేదాకా జైల్లో హెడ్ వార్డరుగా పనిచేశారు.

కోడలిగా వచ్చిన కొత్తలో ఆయన అలవాటొకటి చూసి నవ్వుకునేదాన్ని. పళ్లెంలో రాగిముద్ద పెట్టగానే నడిమికి తుంచి, లోపల పిండి పచ్చిగా ఉందేమో చూసి, ఒక తునక నోట్లో వేసుకున్నాకే మిగతావాళ్లకు వడ్డించమనేవారు. జైలు వంటింట్లో అబ్బిన అలవాటట. తాను తిని చూడనిదే ఖైదీలకు ముద్ద పెట్టనిచ్చేవారు కాదు. "కోర్టు ఏసింది జైలు. కడుపునొప్పి కాదు" అనేవారు.

కౌల్ బజార్‌లో ఆయన రోజూ కూర్చునే బట్టల అంగడిలో దీనిమీదే వాదన. దొంగలకు ఫ్యాన్లు, కోడికూర పెడుతుంటే ఇంక జైలుకూ అత్తారింటికీ తేడా ఏముందని అంగడాయన ఆటపట్టించేవాడు. మామకు కోపం వచ్చేది కాదు. "లోపల్నుంచి తలుపు తీసుకోలేని అత్తారిల్లు యాడుండాదప్పా?" అని, టీ తాగి వచ్చేసేవారు.

అసలు పరీక్ష మా ఇంట్లోనే వచ్చిపడింది. నా భర్త తాగి టెంపో నడిపి, తోరణగల్లు దారిలో డ్యూటీ దిగి సైకిల్ మీద పోతున్న ఒకాయనను గుద్దాడు. ఆయనకు కాలు పోయింది. నా భర్తకు శిక్ష పడింది, అదీ మామ పనిచేసిన జైల్లోనే. మామ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇంటికొచ్చి, పరుపూ ఇంటి భోజనమూ అందేలా చూసుకుంటామన్నారు. నేను పరుపు చుట్టి గుమ్మం దగ్గర పెట్టాను కూడా. మామ వద్దన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకొడుకు మీద జాలి లేదా అని అడిగేశాను.

"ఉండాదమ్మా. ఆడ అందరికీ పరుపులిస్తే వానికీ ఇయ్యనీ, నాకంటే సంతోషపడేటోడు ఎవడూ లేడు. వీనొక్కనికే అంటే ఎట్లా? తప్పు చేసింది వీడు. కాలు పోయినాయనొక్కడే మోయాల్నా?"

చుట్టిన పరుపును మళ్లీ లోపల పెట్టేశాను. చాన్నాళ్లు ఆయనకు ముఖం ముడుచుకునే కాఫీ ఇచ్చాను.

విడుదలైన రోజు మామ స్కూటరు వేసుకుని జైలు గేటు దగ్గరికి వెళ్లారు. కొడుకును నేరుగా ఇంటికి తీసుకురాలేదు. ముందు ఆ కాలు పోయినాయన ఇంటికి తీసుకుపోయారు. జైల్లో ఉన్నంత మాత్రాన బాకీ తీరదు, ఈ గడప తొక్కుతూ ఉండాల్సిందేనని అక్కడే చెప్పారట. అప్పట్నుంచి ఆ కాలు పోయినాయనను ఆసుపత్రికి తీసుకెళ్లడం నా భర్త పనే.

ఇంటికొచ్చాక నా భర్త నాతో మొదట చెప్పింది ముద్ద గురించే. లోపల ఏనాడూ పచ్చి ముద్ద తినలేదట. వంటాయన ఇప్పటికీ నడిమికి తుంచి చూస్తాడట. ఆ మామకు కోడలినని నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ గర్వం ఇప్పటికీ అలాగే ఉంది.

పదకొండో రోజు సమాధి దగ్గర ఆకు వేసి, ఎడ పెట్టడానికి రాగిముద్ద తెచ్చాం. అలా పోయినవాళ్లకు పెట్టేదాన్ని ముందు ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. నా భర్త ముద్దను చేతిలోకి తీసుకున్నాడు. నడిమికి తుంచి, ఒక తునక నోట్లో వేసుకున్నాడు. పెద్దవాళ్లు ఏందప్పా ఇది అని అడ్డం రాబోయారు. చంకలో కర్ర పెట్టుకుని వాళ్ల పక్కనే నిలబడ్డ ఆ కాలు పోయినాయన చెయ్యెత్తి వాళ్లను ఆపాడు.

"బాగా ఉడికిండాది నాయనా" అని, నా భర్త మిగిలిన ముద్దను ఆకులో పెట్టాడు.