మా బాల్కనీలో బోనం

కిందటి ఆషాఢం నాటి మాట. తడిచెత్తతో ఇంట్లోనే ఎరువు చేద్దామని మా ఆయన ఖాజాగూడలోని మా ఫ్లాటు బాల్కనీలో ఒక మట్టికుండ పెట్టారు. ఎరువు సంగతి దేవుడెరుగు, వానలు మొదలవగానే ఈగలు ముసిరి, కుండ నిండా పురుగులు లుకలుకలాడాయి.

మా అత్తమ్మ ఊరుకుంటుందా? తొక్కల మీద ఎండుటాకులు మందంగా కప్పి, కుండ మూతికి బట్ట కట్టింది. చుట్టూ పసుపు పూసి, వేపకొమ్మలు కూడా చుట్టింది. "ఇగ ఒక్క ఈగ రాదు, ఫికర్ జెయ్యకు" అంది.

ఆ సాయంత్రమే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు వచ్చారు. ఆవిడది భీమవరం. ఈగలన్నీ మా బాల్కనీ నుంచే వస్తున్నాయని నిలదీయడానికి విసురుగా వచ్చిన మనిషి, కుండను చూడగానే ఆగి చెంపలేసుకున్నారు. "అమ్మవారికి బోనం ఎత్తుతున్నారా? ఒక్కమాట చెప్పలేదేమండీ!"

మా ఆయన లాప్‌టాప్‌లో తల దూర్చేశారు. నేను నోరు తెరిచేలోగా ఆవిడ వంగి, కుండకు నుదురు ఆనించారు.

"అయ్యో మేడమ్, గది బోనం గాదు! మా చెత్తకుండ!" అని అత్తమ్మ అరిచింది.

సరిగ్గా అప్పుడే ఒక పురుగు బట్ట అంచు దాటి ఆవిడ ముక్కు ముందుకొచ్చింది. ఆవిడ కేకకు పై అంతస్తు వాళ్లు కూడా తొంగి చూశారు.

చాన్నాళ్లు ఆవిడ లిఫ్టులో నా వంక చూడలేదు. ఈగలు మాత్రం నిజంగానే తగ్గాయి. ఇప్పటికీ బోనాల డప్పు వినపడితే మా ఇంట్లో అందరికీ ముందు గుర్తొచ్చేది పసుపంటిన ఆవిడ నుదురే.

ఇప్పుడు ప్రెసిడెంట్ గారి బాల్కనీలోనూ పసుపు పూసిన కుండ ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో రాయించారు: "ఇది చెత్తకుండ. దండం పెట్టరాదు."