మైక్ ఆపించిన సుగుణ మేడమ్

నిన్న ఉదయం డ్యూటీ దిగి బస్సు ఎక్కాక ఫోన్ తెరిచాను. మా నర్సింగ్ బ్యాచ్ గ్రూపులో ఒక్క లైన్.

"సుగుణ మేడమ్ ఇక లేరు."

ఏ సుగుణ మేడమ్ అని అడిగాను.

మాకు ఉన్నది ఒక్క సుగుణ మేడమే. తెలిసీ అడిగాను.

రాత్రి గుండెపోటు అట. హాస్పిటల్‌కి చేరేలోపే.

నేను పోస్టులు రాసే మనిషిని కాదు. కానీ ఆమె దగ్గర చదువుకోని వాళ్లకు కూడా ఒక రోజు సంగతి చెప్పాలనిపించింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది నర్సింగ్ మొదటి సంవత్సరం. మేడమ్ మాకు బేసిక్స్ చెప్పేవారు. చేతులు కడుక్కోవడం, మంచం మీద మనిషిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం, జ్వరం, నాడి, బీపీ.

సోమవారం నుంచి వార్డు పోస్టింగ్. బీపీ చూడటం రానివాళ్లను వార్డుకు పంపనని మేడమ్ ముందే చెప్పారు.

నాకు రాలేదు.

పుస్తకంలో ఆ పాఠం ఇష్టంగా చదివాను. రక్తం మామూలుగా పారేటప్పుడు చప్పుడు ఉండదట. చేతికి పట్టీ బిగించి మెల్లగా వదులుతుంటే, సగం మూసుకున్న రక్తనాళంలోంచి దూసుకొచ్చేటప్పుడే చప్పుడు చేస్తుందట. మొదటి చప్పుడు పై అంకె. చప్పుడు ఆగిన చోటు కింది అంకె.

ఇంత తెలుసు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. క్లాసులో అందరూ ఒకేసారి ప్రాక్టీస్ చేస్తుంటే, స్టెతస్కోప్‌లో నాకు గోల తప్ప ఏమీ వినపడేది కాదు.

శుక్రవారం బంద్. బస్సుల్లేవు. దగ్గర్లో ఉండే కొందరమే వచ్చాం.

"రోడ్డంతా ఖాళీగా ఉంది, నడుద్దాం పదండి" అన్నారు మేడమ్.

బీపీ మిషన్ సంకన పెట్టుకుని కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తాకు నడిపించారు. అక్కడ రిలే నిరాహార దీక్ష టెంట్. లోపల పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చున్న మనుషులు. ఉపవాసంలో శరీరం ఎలా ఉంటుందో ఏ లాబ్‌లోనూ చూపించలేనని మేడమ్ అన్నారు.

టెంట్ పక్కనే మైక్. ఉద్యమ పాటలు. నేల కూడా అదురుతోంది.

నా ఫ్రెండ్స్ ఒక్కొక్కరినీ చూసి చెప్పారు. నూట ఇరవై బై ఎనభై. నూట ఇరవై బై ఎనభై. మళ్లీ అదే, పుస్తకంలో ఉన్న అంకె.

నా వంతుకు యాదయ్య గారు వచ్చారు. మీర్‌పేట్‌లో ఆటో నడిపే పెద్దాయన. రెండుసార్లు పట్టీ బిగించి వదిలాను. మూడోసారి ఆయనే చెయ్యి చాపి, "కానియ్యి బిడ్డా, నేనేడికి వోత" అన్నారు.

అందరూ నన్నే చూస్తున్నారు.

"వినపడటం లేదు మేడమ్" అన్నాను. వార్డు పోయిందనుకున్నాను.

మేడమ్ మిగిలినవాళ్ల వైపు తిరిగారు. "ఈ టెంట్‌లో అందరికీ ఒకటే బీపీ వచ్చిందే! ఉద్యమంలో ఇంత ఐకమత్యమా?"

టెంట్‌లో వాళ్లే ముందు నవ్వారు.

తర్వాత ఆమె మైక్ దగ్గరికి వెళ్లి, కాసేపు ఆపమని అడిగారు. మెడలో గులాబీ కండువా వేసుకున్న అబ్బాయి ఆమె మాట తీరు విని, "ఏ ఊరు మేడమ్ మీది?" అన్నాడు.

"తెనాలి."

నవ్వులు ఆగిపోయాయి.

"గందుకేనా మా పాట బంద్ జెయ్యమంటున్నరు?"

"అందుకు కాదు బాబూ. ఆ అమ్మాయికి ఆయన చేతిలో చప్పుడు వినపడట్లేదంట. రెండే నిమిషాలు."

అబ్బాయి మైక్ ఆపలేదు. యాదయ్య గారే అరిచారు. "అరేయ్, జర ఆపురా! నా లోపల ఏం మోగుతుందో పిల్లను ఇననియ్యి!"

మైక్ ఆగింది.

అప్పుడు విన్నాను. తలుపు అవతల ఎవరో వేలితో కొడుతున్నట్టు, చిన్నగా, స్పష్టంగా. పుస్తకంలో ఉన్నదంతా ఒక మనిషి చేతిలో నిజంగా జరుగుతోంది.

"నూట ఎనభై బై నూట పది" అన్నాను. తప్పనుకున్నాను. మేడమ్ మళ్లీ చూశారు. అంతే ఉంది.

"బీపీ మాత్రలు వాడతారాండీ?"

"వాడుత మేడమ్. దీక్షల కూసున్నంక గోలీ ఎట్ల ఏసుకుంట? నిన్న గూడ యాది మరిచి ఏసుకోలే."

"మాత్ర అన్నం కాదండీ. వేసుకుంటే మీ దీక్షకేం కాదు. ముందు డాక్టర్ దగ్గరికి పదండి."

కండువా అబ్బాయే బండి తీశాడు. యాదయ్య గారు దిగాలుగా ఎక్కారు. ఆయన చోట ఇంకొకాయన కూర్చున్నాడు. మేడమ్ మా వాళ్లందరితో మళ్లీ బీపీలు చూయించారు. రెండు నిమిషాలు పావుగంట అయింది. మైక్ ఆపే ఉంచారు. ఈసారి ఏ రెండు అంకెలూ కలవలేదు.

తిరిగి నడుస్తుంటే ధైర్యం చేసి అడిగాను. "మీకు భయం వెయ్యలేదా మేడమ్?"

"వెయ్యకేం? అక్కడ నిలబడి నా నాడి నేనే చూసుకున్నా. నూట పదహారు."

"ఇప్పుడు?"

నడుస్తున్నవారల్లా ఆగి, మణికట్టు నా ముందుకు చాపారు. "నువ్వే చూడు."

మూసిన షాపుల ముందు నిలబడి, వాచీ చూస్తూ లెక్కపెట్టాను. ఎనభై నాలుగు.

సోమవారం నేను వార్డుకు వెళ్లాను. ఇప్పటికీ వెళ్తున్నాను.

ఆమె నాడి ఎప్పుడు నెమ్మదించిందో అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మైక్ ఆగినప్పుడా, నేను అంకె చెప్పినప్పుడా, ఆయన బండి ఎక్కినప్పుడా? ఎప్పుడు కలిసినా వేరే మాటల్లో పడేవాళ్లం. నవ్వకుండా, ఆలోచించి జవాబు చెప్పేవారని తెలుసు.

ఇక ఎవరికీ తెలియదు.

వెళ్లి రండి మేడమ్. దేవుడు మీకు నెమ్మది ఇవ్వాలి, మీ ఇంట్లో వాళ్లకు కూడా.