నా చేతికి ఆగని వాచీ

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముత్తుకూరు బస్టాండు పక్కన గడియారాల కొట్లో ఉన్నవాళ్ళం నలుగురం: మా పెదనాన్న, కొట్టాయన, తన వాచీకి బ్యాటరీ వేయించుకోవడానికి అప్పుడే లోపలికి వచ్చిన పెదనాన్న సూపర్‌వైజరు, నేను. బల్ల మీద ఉన్నవి: మూత తీసిన పెదనాన్న వాచీ, దాంట్లోంచి బయటికి తీసిన పాత మెషిన్, సన్నటి పట్టకారు, కంటికి పెట్టుకునే భూతద్దం, చర్చి నుంచి తెచ్చిన బైబిలు. నా జేబులో ఒక నోటుబుక్కు. నాకు పన్నెండేళ్ళు.

అది ఆటోమేటిక్ వాచీ, ఆ రకంలో బాగా చవకది. బ్యాటరీ ఉండదు. లోపల సగం చందమామ ఆకారంలో ఒక బరువు బిళ్ళ ఉంటుంది. చెయ్యి ఊగినప్పుడల్లా ఆ బిళ్ళ తిరిగి స్ప్రింగును చుడుతుంది, ఆ స్ప్రింగు ముళ్ళను నడిపిస్తుంది. ఆ మోడలుకు చేత్తో కీ ఇచ్చే వీలు లేదు. పెద్దమ్మ కొనిచ్చింది కాబట్టి పెదనాన్న వేరే వాచీ పెట్టుకోడు. ఆ ఏడు అది ఆగడం మొదలుపెట్టింది. పడుకునే ముందు తీసి గూట్లో పెడితే, లేచేసరికి నాలుగింటికో నాలుగున్నరకో ఆగిపోయి ఉండేది. దాన్ని నమ్ముకుని ఆయన ఆరూ పది షిఫ్టు బస్సు రెండుసార్లు తప్పిపోయాడు.

పెదనాన్న థర్మల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద వాల్వుల ఫిట్టరు. పర్మినెంటు కాదు. గేటు పాసు ఏటా కొత్తగా రాయించుకోవాలి. ఎవరికి రాయాలో తేల్చేది ఆ సూపర్‌వైజరే. వాళ్ళమ్మాయి, మా అక్క, నర్సింగులో చేరి రెండేళ్ళయింది. ఇంకో రెండేళ్ళు పాసు నిలబడితే చాలని పెదనాన్న వంటింటి గడప మీద కూర్చుని పెద్దమ్మతో అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాటకీ వాచీకీ సంబంధం ఉండవచ్చని మాత్రం నాకు తోచలేదు.

నేను బిట్రగుంట నుంచి వేసవి సెలవులకు వాళ్ళింటికి వచ్చాను. చేయడానికి పని లేదు. వాచీ ఎందుకు ఆగుతున్నదో కనిపెట్టాలని నోటుబుక్కులో గడులు గీసుకున్నాను. పెదనాన్న చేతికి ఆరు రోజులు ఉంది, ఆరు రోజులూ ఆగింది. తరవాత బతిమాలి మూడు రోజులు నేను పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే లోపం వాచీలో లేదు.

ఇక మిగిలింది చెయ్యి. అయితే వాచీ పెట్టుకునే ఆయన ఎడమ చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. పనికి పోయేటప్పుడు అన్నం క్యారియర్, చర్చికి పోయేటప్పుడు బైబిలు. అందుకని ఒకరోజు పొద్దున క్యారియర్ నేను మోస్తానని తీసుకున్నాను. ఆయన ముచ్చటపడి నా తల నిమిరాడు. నాకు కావలసింది ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండడం. బస్సు ఆగే చోటు దాకా వెనకాలే నడుస్తూ లెక్కపెట్టాను. కుడి చెయ్యి రెండు వందల పన్నెండుసార్లు ఊగింది. ఎడమ చెయ్యి తొమ్మిదిసార్లు.

ఆ ఆదివారం కొట్టాయన వాచీలో వేరే మెషిన్ బిగించాడు. డయలు, ముళ్ళు, పైన డొల్ల పాతవే. పైకి చూస్తే తేడా తెలియదు.

"పాత మెషిన్ అరిగిపోయింది అన్నా. ఇది కీ ఇచ్చుకునే రకం. రోజూ స్నానం చేసినాక ఇరవై చుట్లు తిప్పుకో, ఇంక ఆగదు," అన్నాడు.

అబద్ధం. నా గడుల్లో ఉన్నదానికి పూర్తిగా విరుద్ధం. నేను ఊరుకోలేకపోయాను.

"పాతది అరగలేదు. నా చేతికి మూడు రోజులు ఆగలేదు."

"నీదేముంది అబ్బయా, కోతిలాగా గెంతతా ఉంటావు. చచ్చిపోయిన వాచీ గూడా నీ చేతికి నడస్తాది," అన్నాడు కొట్టాయన.

సూపర్‌వైజరు నవ్వాడు. "చూసుకో అన్నా, నీ కాడ వాచీ గూడా డ్యూటీ ఎగ్గొడతా ఉండాది."

పెదనాన్న కూడా నవ్వాడు. అంతటితో అయిపోవలసింది. కొట్టాయన తన భూతద్దం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇందా, కంటికి పెట్టుకోని లోపల చూడు, చక్రాలు ఎట్ట తిరగతా ఉండాయో." రెండు వారాలుగా కొట్టు ముందుకొచ్చి నేను అడుగుతున్నా ఇవ్వని భూతద్దం అది. దాన్ని బల్ల మీద పెట్టేసి జేబులోంచి నోటుబుక్కు తీశాను.

"గెంతడం కాదు. పెదనాన్న ఎడమ చెయ్యి ఊగదు," అన్నాను. రెండు అంకెలూ గట్టిగా చదివాను.

కొట్టాయన పట్టకారు కింద పెట్టి తల వంచుకున్నాడు. సూపర్‌వైజరు నవ్వు ఆపి పెదనాన్న వైపు తిరిగాడు.

"ఏదీ అన్నా, ఆ చెయ్యి ఒకతూరి పైకెత్తు."

పెదనాన్న ఎత్తాడు. అది నెమ్మదిగా భుజం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. వేళ్ళు వణికాయి.

"సరేలే, దించు. ఈసారి పాసు మెడికల్ చూపించినాకే రాద్దాం," అన్నాడు సూపర్‌వైజరు. కటువుగా కూడా అనలేదు. బ్యాటరీ వేయించుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు పెదనాన్న బైబిలు కుడి చేతిలో పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి పక్కన ఊరికే వేలాడింది. చేపల మార్కెట్టు దాటాక, "లెక్క తప్పు లేదు రా. బాగానే చేసినావు," అన్నాడు. ఆ సంగతి మీద బతికినంత కాలం ఆయన నాతో అన్నది ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

నెల్లూరు డాక్టరు అది నరాల జబ్బని, నడకలో ఒక చెయ్యి ఊగకపోవడం దాని మొదటి గుర్తుల్లో ఒకటని చెప్పాడు. సూపర్‌వైజరు పాసు రాయలేదు. పెదనాన్న అప్పటికే బరువు పనులు తోటి ఫిట్టరుకు వదిలేసి, కుడి చేత్తో అయ్యే పనులే చేస్తున్నాడని తరవాత తెలిసింది. అక్క నర్సింగు మానేసి అల్లూరు వైపు రొయ్యల షెడ్డులో చేరింది. "నువ్వు చెప్పబట్టే మందులు తొందరగా మొదలైనాయిలే," అని పెద్దమ్మ అంటుంది. నా మొహం చూసి మాత్రం అనదు.

ఇప్పుడు నాకు ముప్పై ఒకటి. ఒక ఫ్యాక్టరీలో కొలత మీటర్లు సరిచూసే ఇంజినీరును. సెలవు రోజుల్లో చవక ఆటోమేటిక్ వాచీలు విప్పి, డయళ్ళు, మెషిన్లు మార్చి బిగిస్తుంటాను. పోయినేడు పెదనాన్న చనిపోయాక పెద్దమ్మ ఆయన వాచీ నాకిచ్చింది. శుభ్రం చేద్దామని మూత విప్పాను.

వాచీలు బాగుచేసేవాళ్ళకు ఒక అలవాటుంది. మూత తెరిచిన ప్రతిసారీ దాని లోపలి వైపు సూదిమొనతో నెల, సంవత్సరం చిన్నగా గీకుతారు. ఆ మూత లోపల ఒకే చేతి గీతలు నాలుగు వరసలున్నాయి, అన్నీ ఎనిమిది నెలల లోపలివి. చివరిది ఆ వేసవి నెలది. వాచీ బాగుకు ఇవ్వడం ఆ ఆదివారమే మొదటిసారి అనుకున్నాను నేను. అంతకు ముందే పెదనాన్న మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ కొట్టాయన మూత తెరిచి, లోపం లేదని చూసి, చెయ్యి సంగతి అడగకుండా మూసి ఇచ్చాడు. నాలుగోసారి, ఊగని చేతికి కూడా నడిచేలా వాచీనే మార్చాడు. సూపర్‌వైజరు వినేలా మంచి మెషిన్ అరిగిపోయిందని చెప్పాడు.

ఇప్పుడది నేనే పెట్టుకుంటున్నాను. నా చెయ్యి బాగానే ఊగుతుంది, అయినా పొద్దున ఇరవై చుట్లు తిప్పుతాను. ఫ్యాక్టరీలో ఎక్కడైనా తేడా కనిపెడితే, నోరు తెరిచే ముందు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టుకుంటాను.

ఆ రోజు కొట్లో ఉన్నవాళ్ళం నలుగురం. అప్పటిదాకా చెయ్యి సంగతి తెలియనివాడు ఒక్కడు.